కోడ్ అందరిదీ, అప్‌డేట్ ఎవరిది?

కాలేజీకైనా, గుడి ట్రస్టుకైనా, వెబ్ పత్రికకైనా సైటు పెట్టాలనుకుంటే ఇవాళ ఎవరూ ఓనమాల దగ్గర్నుంచి కోడ్ రాయించుకోవడం లేదు. వర్డ్‌ప్రెస్ లాంటి తయారు సాఫ్ట్‌వేర్ ఒకటి సర్వర్ మీద ఎక్కించుకుని, రాతలూ ఫొటోలూ అందులో పెట్టుకుంటారు. మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు 2003 మే 27న విడుదల చేసిన ఈ వర్డ్‌ప్రెస్ మీద ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడుస్తున్నాయి. దాని బలమంతా దాని సొంత కోడ్‌లోనే లేదు. 2004లో వచ్చిన 1.2 వెర్షన్‌తో, అసలు కోడ్‌ను ముట్టుకోకుండానే బయటివాళ్లు కొత్త సౌకర్యాలు తగిలించే వీలు కల్పించారు. ఆ తగిలింపులే ప్లగిన్లు. పాఠకులు ఉత్తరం రాసే ఫారం, ఫొటోల ఆల్బం, ఆన్‌లైన్ దుకాణం, చెత్త కామెంట్లను ఆపే జల్లెడ, ఏది కావాలన్నా ఎవరో ఒకరు రాసి ఉంచారు. వర్డ్‌ప్రెస్ అధికారిక జాబితాలోనే దాదాపు 60 వేల ఉచిత ప్లగిన్లు ఉన్నాయి. వాటిలో తొలినాటిదైన ‘హలో డాలీ’ చేసే పనల్లా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాటలోంచి ఒక పంక్తి తెచ్చి అడ్మిన్ పేజీ మూలన చూపించడమే. అంతకు మించి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ప్లగిన్ ఎలా రాయాలో చూపించే మాదిరిగా మాత్రం ఇరవై ఏళ్లు దాటినా బతికే ఉంది.

వీటిని రాసి ఊరికే ఇచ్చేవాళ్ల ఉదారత గురించి చెప్పుకోవలసింది చాలానే ఉంది, చెబుతూనే ఉన్నారు. నేను మాట్లాడదలచింది దాని పక్కనున్న సంగతి. ఉచిత ప్లగిన్‌ను జాబితాలో పెట్టిన మనిషి ఒకేసారి రెండు పనులు చేస్తాడు. మొదటిది, తన కోడ్‌ను లోకానికి ఇచ్చేస్తాడు. రెండోది, ఆ ప్లగిన్ పెట్టుకున్న ప్రతి సైటులోకీ రేపూ, వచ్చే ఏడాదీ, ఆ పై ఏడాదీ కొత్త కోడ్ పంపే అధికారం తన చేతిలోకి తీసుకుంటాడు. మొదటి పనికి లైసెన్సు ఉంది, నియమాలున్నాయి, నలభై ఏళ్ల చర్చ ఉంది. రెండోదాని గురించి లైసెన్సులో ఒక్క ముక్కా లేదు. కోడ్‌లో పొరపాటు దొర్లితే దిద్దిన వెర్షన్ పంపవచ్చు. దిద్దుబాటు పంపే దారే చెడిపోతే పంపడానికి ఇంకేమీ మిగలదు. కాబట్టి ప్లగిన్ విడుదల చేసేవాడి బాధ్యత ఎంత అని అడిగితే, దాన్ని కోడ్‌లో కాకుండా ఆ దారిలో వెతకాలన్నది నా వాదన.

విడుదల ఎలా జరుగుతుందో కాస్త దగ్గరగా చూస్తే ఈ తేడా తెలుస్తుంది. ప్లగిన్ రాయడం బ్రహ్మవిద్య కాదు. పీహెచ్‌పీ భాషలో ఒక్క ఫైలు చాలు. ఫైలు పైభాగాన కామెంట్‌గా ‘ప్లగిన్ నేమ్’ అని రాసి, దాని పక్కన పేరు పెడితే వర్డ్‌ప్రెస్ గుర్తుపడుతుంది. దాన్ని జిప్ చేసి అధికారిక జాబితాకు పంపితే అక్కడి సమీక్ష బృందం చదువుతుంది. లైసెన్సు జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో పొసగాలి, మనిషి చదవలేనట్టు కోడ్‌ను మెలితిప్పి ఉండకూడదు, సైటు వాళ్ల అనుమతి లేకుండా వివరాలు బయటికి చేరవేయకూడదు. ఇవన్నీ చూసి, సరేననుకుంటే సబ్‌వర్షన్ అనే పాతకాలపు వ్యవస్థలో రచయిత పేరిట ఒక ఫోల్డర్ ఇస్తారు. అందులో ‘రీడ్‌మీ’ అనే మామూలు టెక్స్ట్ ఫైలు ఉంటుంది. దానిలో ‘స్టేబుల్ ట్యాగ్’ అని ఒక వరుస, దాని ఎదురుగా వెర్షన్ నంబరు. రచయిత కొత్త కోడ్ ఎక్కించి, ఆ వరుసలో 1.2 ఉన్నచోట 1.3 అని మార్చి భద్రపరిస్తే విడుదల అయిపోయినట్టే. ప్రపంచంలో ఎక్కడున్న వర్డ్‌ప్రెస్ సైటైనా రోజుకు రెండుసార్లు ఆ జాబితాను వాకబు చేస్తుంది గనుక, పూట తిరిగేసరికి ఆ 1.3 సంగతి అందరికీ తెలిసిపోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. బృందంలోని మనుషులు కూర్చుని చదివేది మొదటి వెర్షన్‌నే. ఆ తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్‌నూ అలా ముందుగా చదివి వదలడం 60 వేల ప్లగిన్ల మధ్య కుదిరే పని కాదు. అంటే మొదటి రోజు పరీక్ష పాసైనవాడు ఆ తర్వాత ఏం పంపినా పోతుంది.

ఈ దారి ఒక్కసారిగా వెడల్పు కాలేదు. మొదట్లో ప్లగిన్ కావాలంటే ఫైలు దింపుకుని, ఎఫ్‌టీపీతో చేత్తో ఎక్కించుకోవాలి. కొత్త వెర్షన్ వచ్చిందో లేదో మనమే వెళ్లి చూసుకోవాలి. 2007లో 2.3 వెర్షన్ ‘కొత్తది వచ్చింది’ అని అడ్మిన్ పేజీలోనే చెప్పడం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది 2.5తో ఒక్క నొక్కుతో మార్చుకునే సదుపాయం వచ్చింది. 2020లో 5.5తో ఆ నొక్కు కూడా అక్కర్లేకుండా, ఒకసారి సరేనంటే ఆపై అన్నీ తమంతట తామే మారిపోయే ఏర్పాటు వచ్చింది. భద్రత కోసం చేసిన మార్పులివి, మంచివే. పాత వెర్షన్లు పట్టుకు వేళ్లాడే సైట్లే దొంగలకు మొదటి ఆహారం. కానీ దిద్దుబాటుకు వేసిన రాచబాట మీద ఏదైనా ప్రయాణించగలదు. ఎండాకాలం చలివేంద్రంలో గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వడం ఒక దానం. తాగినవాడు తన దారిన పోతాడు, పుణ్యం అక్కడితో సరి. ఇంటింటికీ పైపు వేసి ఉచితంగా నీళ్లు వదలడం అలాంటిది కాదు. ట్యాంకులో రేపు ఏం కలిసినా ఇళ్లలోకే వస్తుంది. ప్లగిన్ రచయితలు చలివేంద్రం పెట్టామనుకుంటూ కుళాయి కనెక్షన్లు ఇస్తున్నారు.

2017లో జరిగిన డిస్‌ప్లే విడ్జెట్స్ వ్యవహారం దీనికి తిరుగులేని సాక్ష్యం. సైటు పక్కపట్టీలో ఏ పెట్టె ఏ పేజీలో కనిపించాలో ఎంచుకోవడానికి పనికొచ్చే చిన్న ప్లగిన్ అది. సుమారు 2 లక్షల సైట్లలో ఉండేది. దాన్ని రాసినవాళ్లకు ఇక ఆసక్తి లేక, ఆ ఏడాది మే నెలలో 15 వేల డాలర్లకు అమ్మేశారు. కొన్నవాడు జూన్‌లో కొత్త వెర్షన్ పంపాడు. అది సైటులోకి రహస్యంగా పేజీలు చొప్పించే దారి తెరిచింది. అందులో పనితనం ఏమిటంటే, ఆ దొంగ పేజీలు లాగిన్ అయినవాళ్లకు కనిపించవు. సైటు యజమాని రోజూ లాగిన్ అయ్యే చూస్తాడు కాబట్టి అతనికి అంతా మామూలుగానే ఉంటుంది. బయటి పాఠకులకూ, సెర్చ్ ఇంజిన్లకూ మాత్రం అప్పుల ప్రకటనల్లాంటి చెత్త కనిపిస్తుంది. ఫిర్యాదులొస్తే జాబితాలోంచి తీసేశారు, దిద్దామని చెప్తే మళ్లీ పెట్టారు. ఇలా నాలుగుసార్లు తీసేస్తే గానీ, సెప్టెంబర్‌లో శాశ్వతంగా మూతపడలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో 3 లక్షల సైట్లున్న కాప్చా అనే ప్లగిన్‌లోనూ ఇదే కథ నడిచింది. అదీ అమ్ముడుపోయిందే. కొత్త యజమాని వేసిన దొడ్డిదారి తిన్నగా ఒకటో నంబరు యూజర్‌గా లాగిన్ అయిపోయేది. సాధారణంగా ఒకటో నంబరంటే సైటును నెలకొల్పిన అడ్మినే.

ఈ రెండు సందర్భాల్లోనూ అమ్మినవాళ్లు చట్టం తప్పలేదు. కోడ్ మీద హక్కు వాళ్లదే, అమ్ముకోవచ్చు. పైగా జీపీఎల్ కోడ్ ఎవరికైనా ఊరికే దొరుకుతుంది. అయితే కొన్నవాడు 15 వేల డాలర్లు పోసింది దేనికి? ఊరికే దొరికే కోడ్‌కు ఎవరూ డబ్బివ్వరు. అతను కొన్నది 2 లక్షల సైట్లలోకి వెళ్లే దారి. ఆ దారి అమ్మినవాడి సొంత ఆస్తేనా అన్న ప్రశ్న ఒప్పందం రోజున ఎవరికీ తట్టినట్టు లేదు. ఆ 2 లక్షల మందిలో ఒక్కరినీ అడగలేదు. అడగమని ఏ నియమమూ లేదు.

దీనికి మొదటి అభ్యంతరం చాలా న్యాయమైనది. పైసా తీసుకోకుండా రాత్రుళ్లు కూర్చుని రాసిచ్చినవాడి నెత్తిన మళ్లీ బాధ్యతలు పెట్టడం ఏం ధర్మం? 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్‌లో పదకొండు, పన్నెండో నిబంధనలు స్పష్టంగానే చెప్తాయి: ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, పూచీ లేదు, నష్టం వస్తే మాకు సంబంధం లేదు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడి ఇంటర్నెట్ అంతా గగ్గోలు పెట్టినప్పుడు తెలిసిన సంగతి, ఆ లోపం ఉన్న, బ్యాంకులతో సహా సగం ప్రపంచం వాడుకునే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2 వేల డాలర్లని. అలాంటి చోట బాధ్యత గురించి ఉపన్యాసాలివ్వడానికి వాడుకునేవాళ్లకు నోరు రాకూడదు. ఈ అభ్యంతరాన్ని నేను ముప్పాతిక వంతు ఒప్పుకుంటాను. రచయిత ఎల్లకాలం పనిచేస్తూనే ఉండాలని గానీ, అడిగినవాళ్లకల్లా జవాబివ్వాలని గానీ, కొత్త పీహెచ్‌పీ వచ్చినప్పుడల్లా తిరగరాయాలని గానీ అనే హక్కు ఎవరికీ లేదు. ఉద్యోగం మారతాడు, పెళ్లవుతుంది, విసుగు పుడుతుంది, మానేస్తాడు. మానేయడం అతని ఇష్టం. నేను పట్టుకుంటున్నది మిగిలిన పావు వంతును: మానేసేటప్పుడు ఆ అధికారాన్ని ఏం చేశాడన్నది. పని చేయనక్కర్లేదు అన్నంత మాత్రాన, ముక్కూమొహం తెలియనివాడి చేతిలో ఆ దారి పెట్టి వెళ్లిపోవచ్చు అని అర్థం రాదు. లైసెన్సు తీసేసింది కోడ్‌కు పూచీ. అప్‌డేట్ అధికారాన్ని అప్పగించడం కోడ్ కాదు, అది రచయిత తన చేత్తో చేసే వేరే పని.

అలసిపోయిన మనిషి దగ్గర్నుంచి ఈ అధికారం కొనకుండానే రాబట్టవచ్చని 2024 మార్చిలో తేలింది. ఇది వెబ్‌సైట్ల లోకం కాదు, లినక్స్ లోకం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టును ఒకాయన ఏళ్ల తరబడి ఉచితంగా చూసుకుంటూ వచ్చాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో వచ్చి రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయం చేశారు. మరికొన్ని పేర్లు పక్కనుంచి ‘పని నత్తనడకన సాగుతోంది, ఇంకొకరికి అప్పగించండి’ అని పోరు పెట్టాయి. చివరికి విడుదల అధికారం ఆ పేరుకు దక్కింది, దక్కాక దొడ్డిదారి చేరింది. ఆండ్రెస్ ఫ్రెయుండ్ అనే ఇంజినీరుకు తన మెషీన్‌లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి తవ్వబట్టి సరిపోయింది. ఎక్స్‌జెడ్‌ను చూసుకుంటూ వచ్చిన ఆయనను నిందించే దమ్ము ఎవరికీ లేదు, నిందించడం నా ఉద్దేశమూ కాదు. వాడుకునేవాళ్ల గద్దింపులే అధికారం మారడానికి మెట్లయ్యాయన్నది గమనించాలి. ఉచిత ప్లగిన్ కింద ఒక నక్షత్రం పెట్టి ‘ఇంకెంత కాలం’ అని రాసే మహానుభావులు కూడా ఈ గొలుసులో ఒక కొక్కెమే.

రెండో అభ్యంతరం ఓపెన్ సోర్స్ సిద్ధాంతం తెలిసినవాళ్లది. కోడ్ తెరిచే ఉంది కదా, రచయిత చెడిపోతే ఎవరైనా దాన్ని తీసుకుని వేరే పేరుతో నడుపుకోవచ్చు, ఆ స్వేచ్ఛే అన్నిటికీ విరుగుడు అంటారు. ఇది మాయమాట కాదు. వర్డ్‌ప్రెస్ పుట్టిందే అలా. మిషెల్ వాల్‌ద్రిగీ రాసిన బీ2 అనే సాఫ్ట్‌వేర్ పని ఆగిపోతే, దాని కోడ్ తీసుకుని మల్లెన్‌వెగ్, లిటిల్ వేరు కాపురం పెట్టారు. దుకాణాల ప్లగిన్ వూకామర్స్ 2011లో జిగోషాప్ అనే మరో ప్లగిన్ కోడ్ నుంచి చీలి, అసలుదాన్ని మించిపోయింది. కానీ ఈ ఉదాహరణల్లో వాడుకునేవాళ్లు తమ కాళ్లతో నడిచి కొత్త చోటికి వెళ్లారు. 2003లో పాతదైనా కొత్తదైనా అందరూ చేత్తోనే దింపుకునేవాళ్లు కాబట్టి చీలిక వర్గానికీ, అసలు వర్గానికీ నేల సమానంగా ఉండేది. ఇప్పుడు అలా లేదు. కోడ్‌ను ఎన్ని ముక్కలుగానైనా చీల్చవచ్చు, అప్‌డేట్ దారిని చీల్చలేం. అది పాత పేరును అంటిపెట్టుకునే ఉంటుంది. డిస్‌ప్లే విడ్జెట్స్‌కు బుద్ధిమంతులు శుభ్రమైన ప్రతి ఒకటి తయారు చేయవచ్చు గానీ, ఆ 2 లక్షల సైట్లు వాకబు చేసేది పాత పేరునే.

మన భాషకు సంబంధించిన చిన్న చిక్కు కూడా ఇక్కడే ఉంది. ప్లగిన్‌లో కనిపించే ఇంగ్లిష్ మాటలను వాలంటీర్లు వర్డ్‌ప్రెస్ అనువాద వేదికలో ఒక్కో వరుసగా తెలుగు చేస్తారు. ‘పంపు’, ‘రద్దు’, ‘ఈ గడి నింపండి’ లాంటివి వందల కొద్దీ. ఆ భాషా ప్యాకేజీ సైటుకు చేరాలంటే ప్లగిన్ కోడ్‌లో రాసిన టెక్స్ట్ డొమైన్ అనే గుర్తింపు పేరు, జాబితాలోని పేరు ఒకటే కావాలి. కొత్త పేరుతో చీలిక వస్తే ఆ తెలుగు దానంతట అది వెంట రాదు. పాత ఫైళ్లు తెచ్చి ఎక్కించి, మళ్లీ ఒకరు చూసి ఆమోదించాలి. ఇంగ్లిష్ సైటుకు చీలికతో పోయేది ఒక పూట పనైతే, తెలుగులో మెనూలు పెట్టుకున్న పత్రికకు అంతకన్నా ఎక్కువే పోతుంది.

సరే, రచయితను నమ్మలేకపోతే జాబితా నడిపేవాళ్ల చేతికే ఆ అధికారం ఇచ్చేద్దాం అంటారు మూడో పక్షం వాళ్లు. కాప్చా విషయంలో జాబితా నడిపేవాళ్లు చేసింది నిజంగా మెచ్చుకోదగ్గదే. శుభ్రం చేసిన వెర్షన్‌ను తామే ఆ సైట్లకు పంపారు. 2024 అక్టోబర్ 1 నుంచి ప్లగిన్ రచయితలందరికీ రెండంచెల లాగిన్ తప్పనిసరి చేశారు. అంతకుముందు జూన్‌లో, వేరే చోట దొంగిలించిన పాస్‌వర్డులతో కొందరు రచయితల ఖాతాల్లోకి దూరి అప్‌డేట్లు పంపిన సంఘటనలు జరిగాయి. అయితే అదే అక్టోబర్ 12న ఇంకో ముచ్చట జరిగింది. వర్డ్‌ప్రెస్ అధినేత మల్లెన్‌వెగ్‌కూ, డబ్ల్యూపీ ఇంజిన్ అనే హోస్టింగ్ కంపెనీకీ మధ్య అప్పటికే పెద్ద తగాదా నడుస్తోంది. 20 లక్షలకు పైగా సైట్లలో ఉన్న అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్ ఆ కంపెనీది. భద్రత కారణమని చెప్పి, జాబితా నడిపేవాళ్లు అందులో ఆ ప్లగిన్ ఉన్న చిరునామానే తీసుకుని, పేరు సెక్యూర్ కస్టమ్ ఫీల్డ్స్‌గా మార్చి, తమ కోడ్ పెట్టేశారు. ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టుకున్న సైట్లలో రాత్రికి రాత్రి ప్లగిన్ మారిపోయింది. డిసెంబర్ 10న కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తే గానీ ఆ చిరునామా పాతవాళ్లకు తిరిగి రాలేదు. తగాదాలో ఎవరు ఒప్పు అన్నది ఇక్కడ అప్రస్తుతం. కోడ్ మీద చూస్తే జీపీఎల్ ప్రకారం ఎవరూ ఎవరి హక్కూ దోచుకోలేదు. పోట్లాట అంతా ఆ 20 లక్షల సైట్ల వాకబు ఏ గుమ్మానికి వెళ్లాలన్నదాని మీదే. కాపలాదారు చేతికిచ్చినా అది అధికారమే, కాపలాదారుకూ పగలుంటాయి.

అలాగని ఈ అధికారం ఎప్పుడూ ఒక్కరి గుప్పిట్లోనే ఉండి తీరాలని లేదు. తెలుగు వికీపీడియాలో తెలుగు టైపు చేసే సదుపాయం వచ్చిన తీరు చూడండి. వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌కు ‘నారాయం’ అనే తగిలింపు మలయాళ వికీపీడియా వాలంటీర్ల వైపు నుంచి వచ్చింది. అది భారతీయ భాషల వికీలకు 2011లో అందింది. 2013లో దాని స్థానంలోకి యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ వచ్చింది. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల స్కాన్లను పేజీ పేజీ పక్కన పెట్టుకుని అచ్చుతప్పులు దిద్దుతారే, దిద్దినకొద్దీ పేజీ గుర్తు గులాబీ నుంచి పసుపుకూ, రెండో మనిషి సరిచూశాక ఆకుపచ్చకూ మారుతుందే, అది కూడా ప్రూఫ్‌రీడ్ పేజ్ అనే తగిలింపు పనే. వీటి రచయిత ఎవరైనా, తన మార్పును తిన్నగా వికీపీడియాలోకి తోసేయలేడు. గెరిట్ అనే సమీక్ష వ్యవస్థలో పెడితే, ఇంకొకరు చదివి ఒప్పుకున్నాకే ముందుకు వెళ్తుంది, ఆ తర్వాత ఎక్కించేది వికీమీడియా సిబ్బంది. రచయిత రేపు అలిగి వెళ్లిపోయినా, ఆయన వెంట పోయే తాళాలు లేవు. దీని ఖరీదు ఆలస్యం. చిన్న దిద్దుబాటు కూడా వారాల తరబడి క్యూలో నిలబడుతుంది, కొత్తవాళ్లు విసిగిపోతారు. 60 వేల ప్లగిన్లకు ఇది నడవదని నాకూ తెలుసు. కనీసం లక్ష సైట్లు దాటినవాటికి ఇద్దరి సంతకం లేకుండా విడుదల జరగకూడదన్న నియమం మాత్రం అసాధ్యమేమీ కాదు.

ఇక నాలుగో అభ్యంతరం, నాకు అన్నిటికన్నా బరువుగా అనిపించేది. ఇలా భయపెడితే కొత్తవాళ్లు ప్లగిన్లు రాయడమే మానేస్తారు. అమీర్‌పేటలో పీహెచ్‌పీ కోర్సు పూర్తిచేసిన కుర్రాడికి, విజయవాడలో ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్న అమ్మాయికి తమ పేరుతో లోకంలో ఒక వస్తువు ఉండటం ఎంత గర్వమో చెప్పనక్కర్లేదు. ఉద్యోగానికి బయోడేటాలో అదొక మంచి వరుస. నా సమాధానం ఏమిటంటే, కోడ్ ఇవ్వడం, జాబితాకెక్కడం రెండూ ఒకటే పని కాదు. కోడ్‌ను జీపీఎల్ కింద గిట్‌హబ్‌లో పెట్టేయవచ్చు. కావలసినవాళ్లు దింపుకుంటారు, చదువుకుంటారు, దిద్దుకుంటారు. అప్పుడు విడుదల చేసినవాళ్ల చేతిలో ఎవరి సైటు మీదా అధికారం ఉండదు, కాబట్టి వాళ్ల మీద భారమూ ఉండదు. నేర్చుకోవడానికీ, చూపించుకోవడానికీ అది అక్షరాలా సరిపోతుంది. జాబితాకెక్కడం దాని తర్వాతి మెట్టు. పదిమంది వాడుతున్నారని తేలాక, ఇంకో మనిషి తోడు దొరికాక ఎక్కితే మునిగిపోయేదేమీ లేదు.

ఎక్కాక నిలబడాలంటే పని పరిధి చిన్నదిగా ఉంచుకోవాలి. దీనికి జపాన్‌కు చెందిన తకయుకి మియోషి 2007లో విడుదల చేసిన కాంటాక్ట్ ఫారం 7 మంచి ఉదాహరణ. కోటి సైట్ల స్థాయికి చేరిన ప్లగిన్ అది. పాఠకుడు నింపిన ఫారాన్ని ఈమెయిల్‌గా పంపడం దాని పని. వచ్చిన ఉత్తరాలను డేటాబేసులో దాచిపెట్టడం లేదేమని ఎంతోమంది అడిగారు. ఆయన దాన్ని ఇందులో కలపకుండా ఫ్లెమింగో అనే వేరే ప్లగిన్‌గా ఇచ్చాడు. కావలసినవాళ్లు అది కూడా పెట్టుకుంటారు. దాచనిచోట లీకయ్యేదీ ఉండదు. 2020 డిసెంబర్‌లో ఫైళ్లు ఎక్కించే భాగంలో లోపం బయటపడ్డప్పుడు 5.3.2 వెర్షన్‌గా దిద్దుబాటు వెంటనే వచ్చింది. చూడాల్సిన కోడ్ తక్కువగా ఉండటం ఇలాంటప్పుడే అక్కరకొస్తుంది. అడిగినవన్నీ చేరుస్తూ పోయిన ప్లగిన్లు అయిదారేళ్లకు రాసినవాడికే అంతుపట్టవు, అంతుపట్టని వస్తువును అమ్మేయాలనిపించడం సహజం.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఉచిత ప్లగిన్ ఎరవేసి పెద్ద వెర్షన్ అమ్ముకునేవాళ్లను ఉదారుల లెక్కలో కలపనక్కర్లేదు, అలాగని తప్పు పట్టనూ అక్కర్లేదు. వాళ్లు వ్యాపారులు. వ్యాపారం చేసేవాళ్లను చట్టం ఇప్పుడు వేరుగా చూస్తోంది. 2024 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చిన యూరప్ సైబర్ రెజిలియెన్స్ చట్టం లాభాపేక్ష లేని ఓపెన్ సోర్స్ రచయితను వదిలేసి, అమ్ముకునేవాళ్ల మీద లోపాలు దిద్దే బాధ్యత పెట్టింది. దాని ముఖ్య నిబంధనలు 2027 డిసెంబర్ 11 నుంచి వర్తిస్తాయి. హైదరాబాద్‌లో కూర్చుని యూరప్ వాళ్లకు ప్రీమియం ప్లగిన్ అమ్మేవాళ్లకూ ఇది తగులుతుంది. అయినా ఈ చట్టం కూడా లోపాల గురించి మాట్లాడినంతగా చేతులు మారడం గురించి మాట్లాడదు.

కాబట్టి ఆ పావు వంతు బాధ్యత చివరికి రచయిత మర్యాద మీదే ఆధారపడి ఉంది. అది పెద్ద పని కూడా కాదు. ఇక చూసుకోలేననుకున్నవాడు ప్లగిన్‌కు ‘అడాప్ట్ మీ’ అనే ట్యాగ్ తగిలించి, వచ్చినవాళ్ల పాత పని నాలుగు నెలలు చూసి అప్పగించవచ్చు. ఎవరూ రాకపోతే, ఎవరి మీదా నమ్మకం కుదరకపోతే మూసేయమని బృందానికి రాయవచ్చు. మూసేసిన ప్లగిన్ అప్పటికే పెట్టుకున్న సైట్లలోంచి మాయమవదు, కొత్తవాళ్లకు దొరకదంతే. మూసిన సంగతి చాలామంది యజమానుల చెవిన పడదు కూడా. అందుకని మూసే ముందు చివరి వెర్షన్ ఒకటి పంపాలి. కొత్త సౌకర్యాలేమీ అక్కర్లేదు. అడ్మిన్ పేజీలో రెండు వాక్యాలు కనిపిస్తే చాలు: ఈ ప్లగిన్‌ను ఫలానా నెల నుంచి ఎవరూ చూసుకోవడం లేదని ఒకటి, దీని బదులు ఫలానాది వాడుకోండని ఇంకొకటి. పదిహేను వరుసల కోడ్ అది. సైట్లు నడిపేవాళ్లు కూడా అప్‌డేట్ నొక్కే ముందు ప్లగిన్ పేరు కింద రచయిత పేరు కిందటిసారి ఉన్నదేనా అని ఒక్క చూపు చూస్తే మంచిది. మారి ఉంటే, ఆ వారం అప్‌డేట్ ఆపి మార్పుల చిట్టా చదవాలి.